నాలుగో గడి

రంగుల విషయంలో అలుమితకు, సముద్రం మధ్య దీవుల దేశానికి రాజధాని అయిన సువా ఊళ్లో మంచి పేరుండేది. రేవు వెనక పాత గోదాముల వరసలో ఉన్న పెరుమాళ్ ప్రెస్సులో పందొమ్మిదేళ్లుగా ఆమె పని ఒకటే. ఎవరో కంప్యూటర్ మీద గీసి పంపిన బొమ్మలోని రంగును అచ్చు యంత్రం మీద సిరాగా మార్చాలి. వినడానికి ఇదేం పెద్ద పని అనిపిస్తుంది. కానీ తెర వెలుతురుతో రంగు పుట్టిస్తుంది, కాగితం సిరాతో పుట్టిస్తుంది, ఆ రెండింటికీ పొత్తు కుదరదు. అందుకే ప్రెస్సుల వాళ్లు నంబర్ల షేడ్ కార్డు పెట్టుకున్నారు. ఫలానా నంబరు అంటే సువాలో కలిపినా సిడ్నీలో కలిపినా అవే సిరాలు, అవే పాళ్లు. తెర మీది రంగుకు ఏ నంబరు దగ్గరో కంప్యూటరే చెప్పేస్తుంది. ఎంత దగ్గరో మాత్రం మనిషి చూసి చెప్పాలి. పెరుమాళ్ ప్రెస్సులో ఆ చూసే మనిషి అలుమిత.

ఒకసారి రగ్బీ క్లబ్బు వాళ్లు పోస్టర్ల కట్ట తెచ్చి, మా నీలం మార్చేశారేమిటని గొడవకు దిగితే, ఆమె వాకిట్లో నిలబడే చూసి, ఈ కట్టంతా మా దగ్గర వేసింది కాదు, సగం ఇంకెక్కడో వేయించారని చెప్పింది. వాళ్లు నసిగి వెళ్లిపోయారు. ఆ రోజు నుంచి యజమాని జైరాజ్ పెరుమాళ్ వచ్చిన వాళ్లందరికీ, మా ఆలూ కన్నుకు బీమా చేయించాలి అని చెప్పుకునేవాడు. అలూ అన్నది ఆమె ముద్దుపేరు. దాన్ని కాస్త సాగదీసి హిందీ బంగాళాదుంప చేయడం ఆయన సరదా. ఆమె కూడా, దుంపకు కళ్లెక్కువే బాస్, అనేది.

ఆ మార్చి నెలలో ఒక ఆరోగ్య సంస్థ నుంచి కార్డు పని వచ్చింది. డిజైన్ చేసిన అమ్మాయి పేరు నఫీసా. ఇరవై ఆరేళ్లుంటాయి, పనంటే ప్రాణం. కార్డు అరచేతంత ఉంటుంది, దాని మీద ఏడు గడులు. మొదటి మూడు సున్నపు తెలుపు, తడిపిన పిండి రంగు, బూడిద కలిసిన గంధం రంగు. తర్వాతవి లేత పసుపు, ముదురు పసుపు, ఆకుపచ్చ, గోధుమ. పసిబిడ్డ దొడ్డికి వెళ్లినప్పుడల్లా తల్లి ఆ గుడ్డ పక్కన కార్డు పెట్టి చూడాలి. మొదటి మూడింటిలో ఏదైనా అయితే ఆ రోజే నర్సు దగ్గరికి పరుగెత్తాలి. కాలేయం నుంచి పైత్యరసం దిగే గొట్టం మూసుకుపోయి పుట్టే పిల్లలు వేలల్లో ఒకరుంటారట. రెండు నెలలు నిండకముందే కనిపెట్టి ఆపరేషన్ చేస్తే నిలబడే అవకాశం ఎక్కువ. ఆలస్యమయ్యే కొద్దీ కాలేయం గట్టిపడిపోతుంది. నాలుగో గడి నుంచి మాత్రం భయం లేదు.

నఫీసా ఇచ్చినవి తెర మీది అంకెలు. నాలుగు రంగుల చుక్కలతో వేసే మామూలు అచ్చు ఒక్కో కాగితానికి ఒక్కోలా వస్తుంది కాబట్టి ఏడు గడులకూ ఏడు నంబరు సిరాలు కావాలని పట్టుబట్టింది. అంటే ప్రెస్సులో ఉన్న రెండు రంగుల యంత్రం మీద ప్రతి కాగితాన్నీ నాలుగుసార్లు తిప్పాలి. అలుమిత నాలుగు రోజులు ఇష్టంగా కూర్చుంది. కంప్యూటర్ చూపిన నంబర్లను షేడ్ కార్డులో వెతికి, పక్కనున్న వాటితో పోల్చి, మెరుపు అట్ట మీద ఏడూ తేల్చింది. సిరాలు కలిపించింది. ఇంత శుభ్రమైన పని ఈ మధ్య చేయలేదని ఇంటికి వెళ్లి అక్కతో చెప్పింది కూడా.

బుధవారం సంస్థ నుంచి కబురొచ్చింది. కార్డు వెనక తల్లులు బిడ్డ పేరు, పుట్టిన తేదీ, బరువు రాసుకోవాలి, మెరుపు అట్ట మీద పెన్ను నిలవదు, కాబట్టి మామూలు అట్ట మీద వేయమన్నారు. అది తెలివైన మాటే. కానీ మామూలు అట్ట సిరాను తాగేస్తుంది. అదే సిరా, అదే నంబరు ఒకదాని మీద ఒకలా, ఇంకొకదాని మీద ఇంకొకలా కనిపిస్తుంది. అందుకే షేడ్ కార్డులో మామూలు కాగితానికి వేరే భాగమే ఉంటుంది. ఈ సంగతి అలుమితకు తెలిసినట్టు ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు. ఆమె మళ్లీ మొదటి నుంచి చూడడం మొదలుపెట్టి మూడు గడుల నంబర్లు మార్చింది. నాలుగో గడి దగ్గర ఆగింది. దానికి ఆ భాగంలో సరైన నంబరు దొరకలేదు. దగ్గరగా ఉన్న రెండూ ఆకుపచ్చగా కొడుతున్నాయి. మెరుపు అట్ట కోసం కలిపిన సిరా డబ్బా ఎదురుగా ఉంది. శుక్రవారం నౌసోరి దగ్గర కార్డులు పంచే సభ, మంత్రిగారు వస్తున్నారు. అచ్చు వేసి చూద్దాంలే అనుకుంది.

తడిగా ఉన్నప్పుడు బాగానే ఉంది. గురువారం మధ్యాహ్నానికి ఆరింది. ఆరాక ఆ గడిలోని పసుపు అట్టలోకి దిగిపోయి, వెలిసిన గుడ్డలా మిగిలింది. అలుమిత చూసింది. పక్కనున్న మూడో గడినీ చూసింది. రెండూ వేరువేరే, కానీ ఉండవలసినంత ఎడం లేదు.

పెరుమాళ్‌ను పిలిచి చూపించింది. సిరా మళ్లీ కలిపి, ఆ ఒక్క రంగూ కొత్తగా వేయాలంటే రోజున్నర పడుతుందని చెప్పింది. ఆయన కళ్లజోడు నెత్తి మీదికి తోసుకుని కార్డును ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఏడు గడులు ఏడు రంగుల్లో కనిపిస్తున్నాయా లేదా?"

"కనిపిస్తున్నాయి గానీ..."

"మరింకేం. నువ్వు చూసినట్టు దేశంలో ఎవరు చూస్తారు ఆలూ? రేపు పొద్దున్నే సభ."

సాయంత్రం నఫీసా వచ్చింది. ట్యూబులైటు కింద కార్డును అటూ ఇటూ తిప్పింది. మూడు రోజులుగా నిద్రలేని ముఖం ఆ పిల్లది. ఒప్పుదల కాగితం మీద పెన్ను పెట్టబోతూ, "మీరు చూశారు కదా అక్కా? మీరు చూస్తే చాలు" అంది.

"చూశాను" అంది అలుమిత.

అది అబద్ధం కాదు. నఫీసా సంతకం పెట్టింది, దాని కింద అలుమిత పొట్టి సంతకం పెట్టింది. ఆరువేల కార్డులు పెట్టెల్లోకి వెళ్లాయి. శుక్రవారం సభ బాగా జరిగిందని, మంత్రిగారు ఒక బాలింతతో ఫోటో దిగారని పేపర్లో వచ్చింది. రెండు వారాలు ఆ నాలుగో గడి అప్పుడప్పుడు ఆమె మనసులో మెదిలి, తర్వాత మానేసింది.

జూలై చివర్లో, మూడు రోజులుగా వాన విడవని ఒక మంగళవారం పొద్దున, తెల్ల యూనిఫారం వేసుకున్న ఒక నర్సు ప్రెస్సులోకి వచ్చింది. యాభై దాటిన మనిషి, భారీ విగ్రహం. గొడుగు వాకిట్లో ముడిచి పెట్టి, చెప్పులు తుడుచుకుని, పేరు ఉనైసి అని, వైనిబుకా నది ఒడ్డున ఉన్న నాసౌతోకా ఊరి ఆరోగ్య కేంద్రం నుంచి వచ్చానని చెప్పింది. సంచిలోంచి రెండు కార్డులు తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టింది.

"ఇక్కడ రంగులు చూసేదెవరు?"

"నేనే సిస్టర్."

"అయితే చూసి చెప్పు. ఇందులో ఏది నిజం?"

ఒకటి పెరుమాళ్ ప్రెస్సుది. రెండోది ఉనైసి ఆరేళ్ల క్రితం ఆక్లండ్‌లో శిక్షణకు వెళ్లినప్పుడు ఇచ్చిన కార్డు. అవే ఏడు గడులు. అలుమితకు బల్ల దగ్గరే తెలిసిపోయింది. అయినా రెండింటినీ పట్టుకుని రంగులు చూసే లైటు పెట్టె దగ్గరికి నడిచింది. నిలబడడం కన్నా నడవడం తేలిక అనిపించింది. ఆ వెలుతురులో ప్రెస్సు కార్డు నాలుగో గడి, ఆక్లండ్ కార్డు మూడో గడికి తోబుట్టువులా ఉంది. కన్ను మోసపోయిందేమో అనుకోవడానికి కూడా లేకుండా, రంగు కొలిచే పరికరం పెట్టి కొలిచింది. అంకెలూ అదే చెప్పాయి.

తిరిగి వచ్చేసరికి ఉనైసి కుర్చీలో కూర్చుని ఉంది. గొంతు పెంచకుండా చెప్పింది. నది ఒడ్డున తమ ఊళ్లో ఒక బిడ్డ ఉన్నాడు, తిమోది అని పేరు, డెబ్బై నాలుగు రోజులు. తల్లి చదువుకున్న పిల్ల. ప్రతి వారం కార్డు పెట్టి చూసి నాలుగు అని రాసుకుంది. ఆరు వారాలప్పుడు కళ్లు పచ్చగా ఉన్నాయని తీసుకొచ్చింది.

"నేను కూడా కార్డు పెట్టి చూశా. నేనూ నాలుగే అన్నా. పుస్తకంలో టిక్కు పెట్టింది ఈ చెయ్యే. పొద్దుటెండలో పడుకోబెట్టు, తగ్గిపోద్దని పంపించా" అంది. కాసేపాగి, "పోయిన వారం సొరుగు సర్దుతుంటే ఈ పాత కార్డు దొరికింది. నిన్ను తిట్టడానికి రాలేదమ్మా. నా కన్ను పోయిందా, కార్డు పోయిందా తెలుసుకుందామని వచ్చా" అంది.

"మీ కన్ను పోలేదు సిస్టర్."

ఉనైసి ముఖంలో ఊరట ఏమీ కనబడలేదు. బిడ్డను సువా పెద్దాసుపత్రిలో చేర్చామని, ఆపరేషన్‌కు ఇండియా పంపించే కాగితాలు నడుస్తున్నాయని చెప్పి, ప్రెస్సు కార్డు అక్కడే వదిలేసి, ఆక్లండ్ కార్డును గుడ్డలో చుట్టుకుని వెళ్లిపోయింది.

పెరుమాళ్ ముందు నమ్మలేదు. తర్వాత లైటు పెట్టెలో చూసి, వెళ్లి ఒప్పుదల కాగితం ఉన్న ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. సంతకం నఫీసాది, ముద్ర సంస్థది అని వేలు పెట్టి చూపించాడు. మనం రాయడం ఎందుకు, అడిగితే అప్పుడు చెబుదాం అన్నాడు. "ఈ మిషన్ మీద పదకొండు మంది తింటున్నారు. నువ్వొక ఉత్తరం రాశావంటే పదకొండు కంచాలు బోర్లించినట్టే."

"నేను చూశాను బాస్. ఆరాక చూశాను. మీకు చెప్పాను."

ఆయన ఫైలు మూశాడు. వాన వైపు చూస్తూ, "చెప్పావు" అన్నాడు.

అలుమిత ఉత్తరం రాసింది. సంస్థకు ఒకటి, ఆరోగ్యశాఖకు ఒకటి. కార్డులు వెంటనే వెనక్కి తీసుకోవాలని, నాలుగో గడి తప్పని, ఆ అనుమానం తనకు అచ్చు ఆరిన రోజే వచ్చిందని, అయినా నఫీసాకు చెప్పలేదని రాసింది. చివరి వాక్యం రెండుసార్లు కొట్టేసి మూడోసారి ఉంచింది. సాయంత్రంలోపు నర్సులందరికీ ఫోన్లు వెళ్లాయి. మర్నాడు నఫీసా ఫోన్ చేసింది. ఆ పిల్ల అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"నేను తెర మీద చూసి మీకు అంకెలిచ్చాను. కాగితం మీద చూడాల్సింది మీరు. చూశానన్నారు కదా అక్కా."

అలుమిత ఏదో అనబోయేలోపే అవతల ఫోన్ పెట్టేశారు. నఫీసాను ఆ సంస్థ పనుల నుంచి తప్పించారని తర్వాత తెలిసింది. ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఆ పిల్ల మళ్లీ ఎత్తలేదు.

శనివారం అలుమిత ఆసుపత్రికి వెళ్లింది. బిస్కెట్లు, బిడ్డ గుడ్డలు, ఒక దుప్పటి సంచిలో పెట్టుకుంది. బస్సులో కూర్చుని చెప్పవలసిన మాటలు వరసగా పేర్చుకుంది. పిల్లల వార్డు చివర, కిటికీ పక్క మంచం మీద లోసలిని కూర్చుని ఉంది. ఇరవై మూడేళ్ల పిల్ల, జుట్టు దువ్వుకోలేదు. ఒళ్లో తిమోది. ఒళ్లంతా పసుపు పూసినట్టున్నాడు, కళ్లు ఇంకా పచ్చగా ఉన్నాయి. కడుపు బిర్రుగా ఉంది. అలుమిత తను ఉనైసి సిస్టర్‌కు తెలిసినదాన్నని చెప్పింది. లోసలిని పక్కకు జరిగి చోటిచ్చింది, అడగకుండానే చెప్పుకొచ్చింది. ఎన్నాళ్లుగానో ఎవరితోనైనా అనాలని ఉన్నట్టుంది.

"మా అత్త మొదటి వారమే అంది, ఇది కొబ్బరిపాల రంగే పిల్లా, పిల్లలకి ఇట్లా ఉండదు అని. నలుగుర్ని పెంచిన మనిషి. నేను కార్డు తెచ్చి చూపించా. సువా నుంచి వచ్చింది, డాక్టర్లు చేసింది, నీకు తెలుసా వాళ్లకి తెలుసా అని అడిగా. పాపం, నోరు మూసుకుంది. తర్వాత ఎప్పుడు గుడ్డ మార్చినా నా ముఖం వంకే చూసేది, ఏం అనేది కాదు."

అలుమిత బిడ్డ కాలు ఒకసారి ముట్టుకుంది. సంచి మంచం కింద పెట్టి, బస్సు వెళ్లిపోతుందని చెప్పి లేచింది. మెట్లు దిగి, వాకిట్లో పండ్లమ్మే వాళ్ల దగ్గర నిలబడి, వెనక్కి వెళ్లాలా అని రెండు బస్సులు వదిలేసింది. మూడో బస్సు ఎక్కి ఇంటికి పోయింది.

పై బుధవారం తల్లీ బిడ్డా చెన్నై వెళ్లారు. ఎనభై ఆరో రోజున ఆపరేషన్ జరిగింది.

ఆ రోజుల్లో అలుమిత కొత్త కార్డు పనిలో పడింది. సంస్థ ఈ పని వేరే ప్రెస్సుకు ఇస్తుందనే అందరూ అనుకున్నారు. అయితే ఉనైసి అక్కడికి వెళ్లి, ఈ తప్పు ఎక్కడ జరిగిందో తెలిసిన మనిషి చేతే చేయించండి, ఇంకొకరికి ఇస్తే ఇంకో చోట తప్పుతారు అని చెప్పిందట. పెరుమాళ్ ఈసారి తొందరపెట్టలేదు. ఎంత అట్ట కావాలంటే అంత పాడు చేసుకోమన్నాడు. అలుమిత కంప్యూటర్ తెరవకుండా, ఉనైసిని అడిగి తెచ్చుకున్న ఆక్లండ్ కార్డునే ముందు పెట్టుకుంది. మామూలు అట్ట ముక్కల మీద సిరా గీతలు వేసి, రెండేసి రోజులు ఆరబెట్టి, ఎండలో చూసింది, వాన వెలుతురులో చూసింది, వంటింటి బల్బు కింద చూసింది. ఉనైసి తన దగ్గరికొచ్చే తల్లుల్ని కూర్చోబెట్టి, వాళ్ల చేత గుడ్డలతో పోల్పించి కబురు పంపేది. చివరికి నాలుగో గడికి షేడ్ కార్డులోని ఏ నంబరూ సరిపోలేదు. తనే ఒక సిరా కలిపి, పాళ్లు రాసి, దానికి నంబరు లేదని స్పష్టంగా రాసి పంపింది. సంస్థ వాళ్లు ముగ్గురు డాక్టర్లకు చూపించి ఒప్పుకున్నారు.

పాత కార్డులు పోస్టులో తిరిగి రావని ఆమెకు తెలుసు. శని, ఆదివారాలు ఉనైసితో కలిసి నది ఒడ్డు ఊళ్లు తిరిగింది. ఒక ఇంట్లో కార్డు పిల్లల ఆటలో చిరిగిపోయింది. ఇంకో ఇంట్లో గోడకు, ప్రభువు పటం పక్కన అంటించి ఉంది. నది మలుపు దగ్గర ఒక ఇల్లాలు ఇవ్వనే ఇవ్వనంది. దాని వెనక బిడ్డ పుట్టిన గంట, బరువు తన తల్లి చేత్తో రాసిందట, ఆ తల్లి తర్వాత నెలలోనే పోయిందట. ఇచ్చేసి ఏం చూసుకోమంటావు అని అడిగింది. అలుమిత ఆలోచించి, కత్తెర అడిగి, దాని మొనతో అంచు చీల్చి, ముందు వైపు రంగుల పొరను జాగ్రత్తగా గోటితో లేపి ఒలిచేసి, రాత ఉన్న సగం ఆమెకిచ్చింది. పక్కన కొత్త కార్డు పెట్టింది. అలా, వేరే ఊళ్లలో నర్సులు సేకరించినవీ కలిపి, నాలుగువేల చిల్లర వెనక్కి వచ్చాయి. మిగతావి ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. మరో బిడ్డ ఎవరైనా ఉన్నారేమోనని నర్సులు ఆ నెలల్లో పుట్టిన ప్రతి బిడ్డనూ పిలిచి చూశారు. ఇంకెవరూ లేరని సెప్టెంబరులో తేలింది. ఆ కబురు విన్న రోజు అలుమిత ప్రెస్సు వెనక కుళాయి తిప్పి, నీళ్లు కారుతుంటే అట్లాగే నిలబడిపోయింది.

అక్టోబరులో లోసలిని బిడ్డతో ఊరికి తిరిగి వచ్చింది. పైత్యరసం దిగుతోంది గానీ పూర్తిగా కాదు. రోజూ మందులు వేయాలి, జ్వరం వస్తే గంటల్లో ఆసుపత్రికి తేవాలి. కొన్నేళ్లు నెట్టుకురావచ్చు, తర్వాత కాలేయం మార్చాల్సి రావచ్చు అని డాక్టర్లు చెప్పారు. ముందే కోసి ఉంటే ఎలా ఉండేదని లోసలిని అడిగితే, చెప్పలేం అన్నారట.

అలుమిత తన పెదనాన్న దగ్గరికి వెళ్లి మొత్తం చెప్పింది. ఆయన విని, ఇది ఉత్తరాలతో పోయేది కాదు, వెళ్లి తలవంచాలి అన్నాడు. క్షమాపణ అడిగేటప్పుడు చేతికిచ్చేందుకు ఇంట్లో దాచిన తంబువా, తాతల నాటి తిమింగలం పన్ను, బయటికి తీశాడు. ప్రయాణానికి ఊళ్లకు జనాన్ని తీసుకెళ్లే కారియర్ లారీ మాట్లాడదామని అనుకుంటుంటే శనివారం పొద్దున్నే పెరుమాళ్ ప్రెస్సు వ్యాను వేసుకుని ఇంటి ముందుకు వచ్చాడు. వెనక సీట్లో పేపర్లో చుట్టిన యంగోనా వేళ్ల కట్ట, నూరి నీళ్లలో కలిపి పెద్దలంతా తాగేది, ఉంది. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మీరెందుకు బాస్ అంటే, "నువ్వు చెప్పావు, నేను వద్దన్నాను. బండి నడపనీ" అన్నాడు.

నాసౌతోకాలో పెద్ద ఇంట్లో చాపల మీద మగవాళ్లు వరసగా కూర్చున్నారు. పెదనాన్న తంబువాను రెండు చేతులతో పట్టుకుని తల వంచి, తమ ఇంటి ఆడపడుచు చేతిలో జరిగిన తప్పును ఒక్కటీ దాచకుండా చెప్పాడు. చూసి కూడా చెప్పలేదన్న మాట కూడా చెప్పాడు. అలుమిత వెనక నేల చూస్తూ కూర్చుంది. పెరుమాళ్ వాకిలి దగ్గర, కూర్చోవడం రానివాడిలా మోకాళ్లు ముడుచుకున్నాడు. ఊరి పెద్ద తంబువా అందుకుని, భూమి విన్నది, మేమూ విన్నాం, ఇక ఇది మా మధ్య లేదు అని చెప్పాడు. బిడ్డ తండ్రితో సహా అందరూ ఒప్పుకున్న గుర్తుగా, అరచేతులు దొప్పల్లా చేసి బోలుగా చప్పట్లు చరిచారు. యంగోనా కలిపారు. లోసలిని ఆ ఇంట్లో లేదు.

ఆమె వెనక వంటపాకలో కర్రపెండలం చెక్కు తీస్తోంది. అత్త సలానియెతా పొయ్యి ఊదుతోంది, తిమోది గుడ్డ ఊయలలో నిద్రపోతున్నాడు. అలుమిత వాకిట్లో ఆగింది. లోసలిని తల ఎత్తలేదు.

"మగవాళ్లు పుచ్చుకున్నారు. మా ఆయన చప్పట్లు కూడా వినబడ్డాయి. నన్నెవరూ అడగలేదు."

"నేను అడగడానికే వచ్చా."

"వార్డుకొచ్చి బిస్కెట్లు పెట్టి పోయింది నువ్వే కదా. అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"ధైర్యం చాలక."

లోసలిని చెక్కు తీసిన దుంపను నీళ్లలో వేసింది, ఇంకోటి అందుకుంది. "రంగు తప్పు పడినందుకు నాకంత కోపం లేదు. చేతులన్నాక తప్పుతాయి. చూసి ఊరుకున్నావు చూడు, అది నాకు మింగుడు పడట్లేదు. మా అత్త చూసి చెప్పింది. నువ్వు చూసి చెప్పలేదు. నేను మా అత్త నోరు మూయించి నీ మాట విన్నాను."

సలానియెతా ఊదడం ఆపింది. అలుమిత పాక గుంజ పట్టుకుని నిలబడింది. కళ్లు తుడుచుకుంటే దాన్నీ క్షమాపణ అడగడంలా చూస్తారని తుడుచుకోలేదు.

"ఇప్పుడు నేనేం చెప్పలేను" అంది లోసలిని. "దుంపలు ఉడుకుతాయి. తిని పో."

తిరుగు దారిలో పెదనాన్న ముందు సీట్లో నిద్రపోయాడు. కొరోవౌ దాటాక పెరుమాళ్ అద్దంలో చూస్తూ, ఆ పిల్ల ఏమంది అని అడిగాడు.

"తిని పొమ్మంది."

"తిన్నావా?"

"తిన్నాను."

ఆయన తల ఊపి బండి నడిపాడు.

ఇదంతా జరిగి రెండేళ్లయింది. తిమోది నడుస్తున్నాడు, మాటలు కాస్త ఆలస్యం. ఈ మధ్యలో మూడుసార్లు జ్వరం వచ్చి ఆసుపత్రిలో పడుకున్నాడు. రెండోసారి చాలా కష్టమైంది. అలుమిత నెలకొకసారి కొరోవౌ బస్సెక్కి నాసౌతోకా వెళ్తుంది. లోసలిని భర్త ఫోన్లో ఫోటోలు పంపుతానన్నాడు గానీ, తెర మీద కనిపించే కంటి తెలుపును ఆమె నమ్మదు. వెళ్లినప్పుడు లోసలిని కొన్నిసార్లు మాట్లాడుతుంది, కొన్నిసార్లు పని చూసుకుంటుంది. క్షమించానని అనలేదు, రావద్దనీ అనలేదు. ఊళ్లో బాలింతలు కొత్త కార్డు చూసుకున్నాక గుడ్డ పట్టుకుని సలానియెతా దగ్గరికి కూడా వస్తున్నారట. ముసలామెకు ఇప్పుడు తీరికే లేదని ఉనైసి విసుక్కుంటూనే చెబుతుంది.

పోయిన శనివారం వెళ్లేసరికి లోసలిని నదికి బట్టలు తీసుకుపోయింది. పిల్లవాడు సలానియెతా ఒళ్లో చెమటలు పట్టి నిద్రపోతున్నాడు. పొద్దుట్నుంచి ఒళ్లు కాస్త వెచ్చగా ఉందని, ఉనైసికి కబురు చేశానని ముసలామె చెప్పింది. అలుమిత నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరమో కాదో ఆమెకు తెలియలేదు. చాప మీద పక్కన కూర్చుంది. నర్సు వచ్చేదాకా ఇద్దరూ వంతులవారీగా విసనకర్రతో విసురుతూ కూర్చున్నారు.